వేషం తరువాత, ముందు ఆ మిషను మీది దుప్పటి తీయండి

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా పాప యూకేజీ చదువుతోంది. ఆగస్టు 15న బడిలో వేషాల పోటీ ఉంది. తోటి పిల్లలు గాంధీ, ఝాన్సీ లక్ష్మీబాయి, చాకలి ఐలమ్మ అంటుంటే మా పాప మాత్రం పిల్లలమర్రి చెట్టునవుతానని పట్టుబట్టింది. ఇంట్లోనే చేద్దామనుకున్నాను. అయితే నిరుడు కృష్ణాష్టమికి నా పాత గద్వాల చీరతో గోపిక లంగా చేసి పంపితే, మా ఆడబిడ్డ అందరి ముందూ "పాత గుడ్డలు కట్టి పంపుతరా?" అన్నది. అప్పటి నుంచి మావారు ఇంట్లో చేసిన వేషమంటేనే మండిపడుతున్నారు. ఎంతైనా సరే, అద్దెకు తెమ్మంటున్నారు. మామయ్య బొంబాయికి పనికి పోయిన రోజుల్లో మా అత్తమ్మ మిషను కుట్టి ఇద్దరు పిల్లలను పెంచారు. ఇప్పుడు మావారు ఆ మిషను మీద దుప్పటి కప్పి స్టోర్ రూంలో పెట్టారు. అత్తమ్మ ఏమీ అనరు. ఇంత చిన్న విషయానికి ఇంట్లో గొడవ ఎందుకని అద్దెకు తెచ్చి ఊరుకోనా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు పాపే జవాబు చెప్పింది. పిల్లలమర్రి వేషం అద్దెకు దొరికేది కాదు, కనుక ఇంట్లోనే చేయండి. అంతకు మించి దాని గురించి ఆలోచించవలసినదేమీ లేదు.

నేను ఆగిపోయింది మీ ఉత్తరం చివరి మాటల దగ్గర. పాత గుడ్డలని ఎత్తిపొడిచిన ఆడబిడ్డ, ఇంటి కుట్టు అంటే మండిపడే భర్త, ఇద్దరూ ఆ మిషను పెంచిన పిల్లలే. పాలమూరు నుంచి మగవాళ్లు బొంబాయికి, పుణెకు పనికి పోయిన ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు ఇలాగే సంసారం లాగారు. అలాంటి ఇంట్లో పండుగ వచ్చిందంటే ఊరందరి బట్టలూ కుట్టి ఇచ్చాక, తెల్లవారుజామున మిగిలిన ముక్కలతో సొంత పిల్లల చొక్కాలు తయారవుతాయి. జేబు ఒక రంగు, కాలరు ఒక రంగు ఉన్న చొక్కా తొడుక్కొని బడికి పోయిన పిల్లవాడికి ఎవరో ఒకరు ఏదో అని ఉంటారు. ఆ మాట నలభై ఏళ్లు వచ్చినా లోపల అలాగే ఉండిపోతుంది. నిరుడు చెల్లెలో అక్కో నలుగురిలో అన్న మాట మీ వారిని తాకింది ఆ పాత చోటనే అని నా నమ్మకం. ఆయన కోపం మీ మీదా కాదు, పాప వేషం మీదా కాదు. తల్లి చేసిన పని చూసి సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడుతున్నానని తనకు తాను కూడా ఒప్పుకోలేకపోతున్నారు. ఆ బాధను నేను అర్థం చేసుకోగలను కానీ, ఆ సిగ్గును మాత్రం సమర్థించలేను. ఆ మిషను వల్లనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది.

మీకు కూడా ఒక మాట చెప్పాలి. గోపిక లంగా మీరు చేత్తో కుట్టారో బయట ఇచ్చి కుట్టించారో రాయలేదు కానీ, ఆ మిషను మీద కుట్టలేదన్నది తెలుస్తూనే ఉంది. అత్తమ్మ "ఏమీ అనరు" అన్నారు. ఆమెను మీరు ఏమైనా అడిగారా? ఇన్నేళ్లు కొలతలు తీసిన మనిషి, మనుమరాలి లంగా తన చేతికి రాకుండానే తయారైతే ఏమంటుంది? కొడుకు కప్పిన దుప్పటిని తీయకుండా వదిలేసిన వాళ్లలో మీరూ ఉన్నారు.

కనుక ఈ వారంలోనే అత్తమ్మ దగ్గర కూర్చొని, "పాపకు చెట్టు వేషం కుట్టాలి, ఎట్లా చేద్దాం?" అని అడగండి. జాలితో అడిగినట్టు కాకుండా, పని తెలిసిన మనిషిని అడిగినట్టు అడగండి. ఒక ఆదివారం ఆమెను, పాపను వెంటబెట్టుకొని పిల్లలమర్రి వైపు వెళ్లి రండి. 700 ఏళ్లనాటిదని చెప్పుకునే ఆ చెట్టులో అసలు మాను ఏదో, నేలకు దిగి మానుగా మారిన ఊడ ఏదో పోల్చుకోవడం కష్టం. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ ఎక్కించినట్టు మందు ఎక్కించి దానిని కాపాడిన సంగతి పాపకు కథలా చెప్పండి. రేపు వేదిక మీద చెప్పే నాలుగు మాటలు పాపకు అక్కడే దొరుకుతాయి.

పాత మట్టిరంగు నూలు గుడ్డను పాప మోకాళ్ల కింది వరకు వచ్చేలా, రెండు పక్కలా తెరిచి, తల దూర్చుకొనే అంగీలా అత్తమ్మ కుడతారు. పక్కలకు టిచ్ బటన్లు చాలు. మెడ చుట్టూ బొందులు, ముడులు వద్దు, ఎక్కడైనా పట్టుకుంటే ప్రమాదం. పిన్నీసులు అసలే వద్దు. బాత్రూంకు పోవలసి వస్తే పాప తనంతట తాను పైకి ఎత్తుకోగలగాలి. అద్దె వేషాలలో ఈ ఒక్క ఇబ్బందితోనే ఎంతమంది పిల్లలు ఏడుస్తారో బడి ఆయాలను అడిగితే చెబుతారు. ఊడలు మాత్రం పాప పని. గుడ్డ పీలికలు ఒక కొన మీరు పట్టుకుంటే, రెండో కొన పాప మెలిపెడుతుంది. అవి చేతుల నుంచి వేలాడాలి కానీ కాళ్లకు అడ్డం పడకూడదు. పాత ఆకుపచ్చ చీర ముక్కల నుంచి ఆకులు మొద్దు మొన కత్తెరతో పాపే కత్తిరించాలి. మర్రి లేతాకు ఎర్రగా ఉంటుంది కాబట్టి కొన్ని ఎర్ర ముక్కలు కూడా కలపనివ్వండి. ఎర్ర ఊలు ఉండలు మర్రిపండ్లవుతాయి. ఇరవై నిమిషాలకు మించి కూర్చోబెట్టకండి. ఆకు వంకరగా వస్తే రాత్రి పాప పడుకున్నాక సరిచేయకండి. పొద్దున లేచి తన ఆకు కోసమే వెతుకుతుంది.

ఇక మీ వారితో వేషం గురించి వాదించవద్దు. ఆడబిడ్డ ప్రస్తావన కూడా తేవద్దు. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, చిన్నప్పుడు అత్తమ్మ ఆయనకు కుట్టిన బట్టల గురించి అడగండి. చెప్పినంత వినండి, చెప్పకపోతే ఊరుకోండి. కానీ అన్నేళ్లు వాడకుండా పడి ఉన్న మిషను బిగుసుకుపోయి ఉంటుంది, బెల్టు వదులై ఉంటుంది. దానిని స్టోర్ రూం నుంచి వెలుతురున్న చోటికి మోసుకు రావాలి, నూనె వేయాలి. మిషను ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లవాడికి నూనె ఎక్కడెక్కడ వేయాలో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పని మీరు చేయకండి, మెకానిక్కును పిలవకండి. ఆయనకే అప్పగించండి, అదీ అత్తమ్మ పక్కన ఉన్నప్పుడే.