25 సెకన్ల పరుగు, 28 నిమిషాల నవ్వు

చిరంజీవికి,

నీ గ్రేహౌండ్ పందేల సిట్‌కామ్‌కు రాసిన పైలట్, అంటే మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు చదివాను. లండన్ తూర్పు అంచున రోమ్‌ఫర్డ్‌లో ఒక ముసలావిడ, చనిపోయిన ఆమె భర్త మొదటి పెళ్ళాం కొడుకు, ఈస్ట్ హామ్ నుంచి వచ్చి మేడమీద గదిలో అద్దెకు దిగిన తెలుగు కుర్రాడు, వీళ్ళ ముగ్గురి నెత్తిన పడ్డ ఒక గ్రేహౌండ్ జాతి పందెం కుక్క. మనుషులు బాగా కుదిరారు. ముసలావిడ మాట విరుపు చూస్తే, ఆమెకోసమైనా రెండో ఎపిసోడ్ చూస్తారనిపించింది. తేలిపోయిందల్లా పందెం దగ్గరే.

ముందు తప్పులు చెప్తాను. 29వ పేజీలో తుపాకీ పేల్చి పందెం మొదలుపెట్టావు. గ్రేహౌండ్ పందేనికి తుపాకీ లేదు. యంత్రంతో నడిచే బొమ్మ కుందేలు పట్టా మీద ట్రాక్ చుట్టూ వచ్చి, ట్రాపులు, అంటే కుక్కల్ని నిలబెట్టే పెట్టెలు దాటి ఓ పది పన్నెండు మీటర్లు ముందుకు పోగానే వాటి తలుపులు పైకి లేస్తాయి. అందుకే స్టేడియంలో అన్నిటికన్నా ముందు వినపడేది ఆ మోటారు రొద. నీ సీనుకు కావలసిన బిగువు ఆ శబ్దంలో ఉంది, తుపాకీ తీసేసి అది రాయి. బ్రిటన్‌లో పందేనికి ఆరు కుక్కలే. నువ్వు రాసిన ఎనిమిది ఆస్ట్రేలియా లెక్క. లోపలి కంచె వైపు నుంచి వరసగా జాకెట్లు: ఒకటి ఎరుపు, రెండు నీలం, మూడు తెలుపు, నాలుగు నలుపు, అయిదు నారింజ, ఆరు నలుపు తెలుపు చారలు. మూతికి చిక్కం తప్పనిసరి.

అసలు చిక్కు సోఫా. నీ కథలో కుక్క వారమంతా సోఫా మీద పడుకుని శనివారం పందేనికి వెళ్తుంది. లైసెన్సున్న ట్రాకుల్లో పరిగెత్తే కుక్క మామూలుగా యజమాని ఇంట్లో ఉండదు, లైసెన్సున్న ట్రైనర్ కెన్నెల్‌లో, అంటే కుక్కల కొట్టంలో ఉంటుంది. యజమానులు ఆదివారం పూట వెళ్ళి చూసి వస్తారు. దీనికి రెండు దారులున్నాయి. ముసలావిడనే ట్రైనర్ని చేసి కెన్నెళ్ళు పెరట్లో పెట్టడం ఒకటి. సోఫా మీద రిటైరైన కుక్క, కెన్నెల్‌లో పరిగెత్తే కుక్క, ఇలా ఇద్దర్ని పెట్టుకోవడం రెండోది. నాకు రెండోదే నచ్చింది. రిటైరైన గ్రేహౌండ్ రోజులో సగానికి పైగా నిద్రపోతుంది, కూర్చోవడం దానికి పెద్దగా సుఖం కాదు, కెన్నెల్‌లో పెరిగింది కనక మొదటిసారి మెట్లు చూస్తే కాళ్ళు బిగదీసుకుని నిలబడిపోతుంది. 32 కిలోల కుక్కను మేడమీదికి ఎవరు మోస్తారనేది ఈ కుటుంబానికి రోజూ ఉండే తగాదా. పైగా మెడకన్నా తల సన్నం, మామూలు పట్టీ లాగితే జారిపోతుంది. లాగితే కాస్త బిగుసుకునే వెడల్పాటి మార్టింగేల్ పట్టీ కావాలి. పక్కింటి పిల్లి సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నీ కథ మొత్తాన్ని మోయగల సంగతి ఒకటుంది, నువ్వు దాన్ని ముట్టుకోనేలేదు. గ్రేడు. ప్రతి ట్రాకులో రేసింగ్ మేనేజర్ కుక్కల్ని వాటి టైమును బట్టి గ్రేడుల్లో పెడతాడు. ఏ1 అన్నిటికన్నా పైది, అక్కడినుంచి ట్రాకును బట్టి ఏ9, ఏ10 దాకా దిగుతుంది. ఏ7లో గెలిచిన కుక్కను సాధారణంగా ఏ6కు ఎక్కిస్తారు. అక్కడ తనకన్నా చురుకైన వాటి మధ్య వరసగా ఓడుతుంది. ఓడుతూ పోతే మళ్ళీ దింపుతారు. అంటే ఈ కుటుంబం ఎన్నిసార్లు గెలిచినా మళ్ళీ మొదటికే వస్తుంది. సిట్‌కామ్‌కు కావలసింది సరిగ్గా అదే కదా! ప్రతి ఎపిసోడ్ చివరా కథను మొదటికి తేవడానికి రచయితలు నానా తంటాలు పడతారు. నీకు ఆ పని రేసింగ్ మేనేజరే చేసిపెడుతున్నాడు. ఆయన్ని విలన్ చెయ్యకు. మర్యాదగా మాట్లాడే, ఎవరి మాటా వినని ఆఫీసరుగా రాయి.

రోమ్‌ఫర్డ్‌లో మామూలు పందెం 400 మీటర్లు, 24, 25 సెకన్లలో అయిపోతుంది. నువ్వు దాన్ని స్లోమోషన్‌లో రెండు పేజీలు సాగదీశావు. మన కోడిపందేల బరి నీ మనసులో ఉన్నట్టుంది. అక్కడ పందెంరాయుడు బరి పక్కనే కూర్చుని కోడిని దువ్వుతాడు, నీళ్ళు చల్లుతాడు, మళ్ళీ వదులుతాడు. ఇక్కడ అలా కుదరదు. కుక్క ట్రాకుకు రాగానే తూకం వేస్తారు, మైక్రోచిప్పు, చెవిలో పచ్చబొట్టు సరిచూస్తారు, వెటర్నరీ డాక్టరు చూస్తాడు, కెన్నెల్‌లో పెట్టి తాళం వేస్తారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. చేతిలో ఏమీ లేక వాళ్ళు బార్‌లో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు పీక్కుతినే ఆ రెండు మూడు గంటలే నీ ఎపిసోడ్. పందేనికి అరపేజీ చాలు.

తూకం మీద కాస్త ఆగు. కిందటి పందెంలో ఉన్న బరువుకు కిలో కన్నా ఎక్కువ తేడా వస్తే ఆ కుక్కను పందెం నుంచి తప్పిస్తారు. కిలో అంటే లీటరు నీళ్ళు! ఎండగా ఉందని జాలిపడి ఎవరో బకెట్ ముందు పెడితే చాలు, వారం ప్లాను మట్టిగొట్టుకుపోతుంది. ఎవరి తప్పూ లేని ఇలాంటి పొరపాటే కామెడీకి బలం.

నీ తెలుగు కుర్రాడికి రెండో ఎపిసోడ్‌లో పనేమీ దొరకలేదని రాశావు. గసగసాలు ఇవ్వు. నిషిద్ధ మందుల జాడ కోసం పందెం కుక్కల మూత్రాన్ని ల్యాబుకు పంపుతారు. గసగసాలు తిన్న కుక్కలో మార్ఫిన్ జాడ కనపడొచ్చు. చాక్లెట్ తింటే థియోబ్రోమిన్ తేలుతుంది, అదీ నిషిద్ధమే. పిల్లాడు పండగపూట గసగసాల పాయసం చేస్తాడు, కెన్నెల్‌కు వెళ్ళినప్పుడు ప్రేమ కొద్దీ గిన్నె అడుగు కుక్కకు నాకిస్తాడు. అది గెలుస్తుంది. ల్యాబు ఫలితం అప్పటికప్పుడు రాదు కనక ప్రైజు డబ్బుతో వీళ్ళు ఈలోగా బాయిలర్ కొనేస్తారు. విచారణ గదిలో పాయసం అంటే ఏమిటో ముసలావిడ వివరించే సీను రాసుకో. రెండు జాగ్రత్తలు: పాయసంలో ఎండుద్రాక్ష వెయ్యనివ్వకు, పాయసం బదులు కుర్మా పెట్టకు. ద్రాక్ష, ఉల్లిపాయ రెండూ కుక్కలకు విషం. కుక్కల్ని పెంచేవాళ్ళు అలాంటివి ఇట్టే పట్టేస్తారు, తర్వాత ఏ జోకుకూ నవ్వరు.

డబ్బు కాసే లెక్కల్లో కూడా ఈ కుటుంబం కనపడాలి. మొదటి రెండు స్థానాలు వరసలో చెప్పడం ఫోర్‌కాస్ట్, మూడు చెప్పడం ట్రైకాస్ట్. ఆరు కుక్కలకు ఫోర్‌కాస్టులు 30, ట్రైకాస్టులు 120. మారుకొడుకు బుకీ షాపులో గుమాస్తా కనక ఈ లెక్క అతనికి నోటికి వచ్చు. ముసలావిడ ఒక్కో పౌండు చొప్పున 30 ఫోర్‌కాస్టులూ కొని, 24 పౌండ్లు వచ్చాయని ఎగిరి గంతేస్తుంది. అతను నోరు తెరవబోయి ఊరుకుంటాడు. వాళ్ళిద్దరి బంధం గురించి నువ్వు 14వ పేజీలో రాసిన పెద్ద డైలాగు కన్నా ఆ ఊరుకోవడం ఎక్కువ చెప్తుంది.

అతని మాట తీరుకు రేస్‌కార్డ్ వాడుకో. కుక్క పేరు కింద దాని పాత పరుగులు పొట్టి మాటల్లో ఉంటాయి: స్లో అవే (ఆలస్యంగా లేచింది), క్రౌడెడ్ (ఇరుకున పడింది), బంప్డ్ (గుద్దుకుంది), వైడ్ (కంచెకు దూరంగా పోయింది). అతను తన పెళ్ళి గురించి అడిగితే ఇలా అంటాడు: “మొదట్లో బాగా లేచింది. మొదటి మలుపులో తోపులాట. ఆ తర్వాత వైడ్.” ఇంకేం చెప్పడు. కుక్కల మధ్య దూరం కొలిచే ఒక లెంగ్త్ అంటే 0.08 సెకను అన్నది కూడా అతని చేతికివ్వు. బస్సు మిస్సయినా లెంగ్తుల్లోనే చెప్పాలి.

వీళ్ళు ముగ్గురూ ఒక చోట ఎందుకుండాలి, కుర్రాడు గది ఖాళీ చేసి పోవచ్చుగా అని స్క్రిప్టు ఎడిటర్ మొదటి రోజే అడుగుతారు. జవాబు సిండికేట్. ఒక కుక్కకు పలువురు కలిసి యజమానులుగా రిజిస్టరు కావచ్చు. ముసలాయన పోతూ పోతూ ముగ్గురి పేర్లా వాటా రాసి పోయాడనుకో, కుర్రాడి వాటా అతనికి తిరిగివ్వాల్సిన అద్దె అడ్వాన్సుకు బదులు. ఎవరు తప్పుకోవాలన్నా మిగతా ఇద్దరూ కొనాలి, ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. రక్తం, ప్రేమ ఊసెత్తకుండానే కుటుంబం నిలబడింది.

ఒక కుక్క పేరుతో ఇంకో కుక్కను పందెంలో దింపే కథ మాత్రం వద్దు. చిప్పు, పచ్చబొట్టు ఉన్న చోట అది నమ్మశక్యం కాదు. మరీ ముచ్చటైతే ముసలాయన పాత రోజుల్లో, లైసెన్సు లేని ఫ్లాపింగ్ ట్రాకుల్లో చేసిన ఘనకార్యంగా ఒక మాట అనిపించు.

ఇక దాటెయ్యలేని సంగతి. 1926లో మాంచెస్టర్ బెల్ వ్యూలో మొదలైన ఈ ఆట ఇప్పుడు ముడుచుకుంటోంది. వాల్తమ్‌స్టో 2008లో, వింబుల్డన్ 2017లో మూతపడ్డాయి. నిషేధిస్తామని న్యూజిలాండ్ 2024 డిసెంబరులో, వేల్స్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించాయి. ఎడమ తిప్పు ట్రాకులో అంత వేగంతో అన్నీ ఒకేసారి మొదటి మలుపు తిరిగేటప్పుడు గుద్దుకుంటాయి, కుడి వెనక కాలి మడమ కీలు విరుగుతుంది. అందుకని వెటర్నరీ నర్సుగా పనిచేసే మనవరాలిని తెచ్చి పెట్టు, పందేలంటే ఆమెకు గిట్టకూడదు. వాదన ఆమెది గెలవాలి, జోకు ముసలావిడది పేలాలి. ఒకే మనిషికి రెండూ ఇచ్చావా, అది ఉపన్యాసమైపోతుంది.

చిత్రీకరణ గురించి: గ్రేహౌండ్‌ను మళ్ళీ పరిగెత్తమంటే పరిగెత్తదు, అలసిన కుక్కకు రోజుల తరబడి విశ్రాంతి కావాలి. ఒక్క సాయంత్రం తీసిన పరుగుల్నే సిరీసంతా వాడతారు. నీ కుక్కను బ్రిండిల్ అని రాశావు, అంటే ఒంటి మీద చారలున్న కుక్క, ఆ చారలు ఏ రెండు కుక్కలకూ కలవవు కనక దాని బదులు ఇంకోదాన్ని చూపించలేవు. నల్ల కుక్క అని మార్చు. ఎప్పుడూ నాలుగో ట్రాపులో పెట్టాలని చూడకు, నల్ల కుక్క మీద నల్ల జాకెట్ కెమెరాకు ఆనదు. కంచె వైపు పరిగెత్తే రకమని చెప్పి ఒకటో ట్రాపు, ఎర్ర జాకెట్ ఇప్పించు.

నిడివి: బీబీసీ అరగంట దాదాపు 28 నిమిషాలు, ప్రకటనలుండే ఛానెల్‌కు 22, 23. నీ 47 పేజీలు 34కి రావాలి. పందెం స్లోమోషన్, రెండో బార్ సీను, అంత్యక్రియల ఫ్లాష్‌బ్యాక్ పోతే చాలావరకు వస్తుంది. ముందు తూకం సీను, సిండికేట్ కాగితం చదివే సీను తిరగరాసి పంపు. తక్కినవి వాటిని చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.