జీకే బిట్లు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన యాభై ప్రశ్నలూ చేరాయి. ఫోన్‌లో చదివితే నాకు బుర్రకెక్కదు. అందుకని వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. “ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు క్విజ్‌కి ప్రాక్టీసు చేసుకునేలా చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాను, ఎలా ఉన్నాయో మొహమాటం లేకుండా చెప్పండన్నా” అని రాశావు. సరే, అలాగే చెబుతాను.

యాభైలో ముప్పై ఆరు కొట్టేశాను. కంగారు పడకు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు పిల్లల పేజీకి వంద ప్రశ్నలు రాసి పంపితే ఎడిటర్ గారు ఏడు ఉంచారు. మిగతా కాగితాలు వెనక్కి పంపుతూ ఒక్క ముక్క కూడా రాయలేదాయన. ఎందుకు పనికిరావో తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. నీకు ఆ బాధ లేకుండా ఉత్తరం రాస్తున్నాను.

కొట్టేసినవాటిలో చాలావరకు తప్పులేం కావు. కానీ అవి బిట్లు. గ్రూప్స్‌కి చదివేవాళ్ల గైడులోంచి వాక్యం తీసి, చివర ప్రశ్నార్థకం తగిలించినట్టున్నాయి. ఫలానా సంఘటన ఏ సంవత్సరంలో జరిగింది, ఫలానా సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడుంది. తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు పాస్ అంటాడు. పదకొండేళ్ల పిల్లాడికి అక్కడ ఆలోచించుకునే చోటే లేదు. ముందురోజు రాత్రి బట్టీ పట్టాడా లేదా, అంతే. తెలియని పిల్లాడు కూడా కాసేపు తల గోక్కుని, పక్కవాడి చెవిలో ఏదో గొణిగి, “ఇదేనేమో సార్” అని చెయ్యెత్తగలగాలి. అలాంటి ప్రశ్నకి మాత్రమే నేను టిక్కు పెడతాను.

ఊరికే చెబితే అర్థం కాదు. నీ ఏడో ప్రశ్న తీసుకుందాం. “మన జాతీయ ప్రతిజ్ఞను రాసినది ఎవరు?” కీలో పైడిమర్రి వెంకట సుబ్బారావు అని ఇచ్చావు. జవాబు సరైనదే. కానీ ఆ పేరు ఎప్పుడూ వినని పిల్లాడికి దారి మూసుకుపోయింది. దీన్నే తిరగేసి చూడు:

“1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్న ఒకాయన దీన్ని తెలుగులో రాశారు. ఆయనది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. తర్వాత ఇది మిగతా భారతీయ భాషల్లోకి వెళ్లింది. ఇవాళ పొద్దున బడిలో నువ్వు కూడా చెయ్యి చాచి దీన్ని చెప్పే ఉంటావు. ఏమిటది?”

బాగా చదివిన పిల్ల మొదటి వాక్యానికే బజర్ నొక్కేస్తుంది. అన్నెపర్తి చుట్టుపక్కల పిల్లాడైతే రెండో వాక్యానికి. ఏమీ చదవనివాడికి కూడా చివరి వాక్యం దగ్గర జవాబు నోట్లోనే ఉంటుంది, పొద్దున్నే కదా పలికింది! “ప్రతిజ్ఞ” అని చెప్పాక వాడు ఆగి, “అంటే మనవాళ్లే రాశారా సార్?” అని అడుగుతాడు. పైడిమర్రి వారి పేరు అప్పుడు చెప్పు. ఇక జన్మలో మరిచిపోడు. నువ్వు జవాబుగా పెట్టిన పేరును నేను వివరణలోకి జరిపాను, అంతే తేడా.

ఇరవై రెండో ప్రశ్న కూడా అంతే. “రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు ఏ సంవత్సరంలో వచ్చింది?” అన్నావు. 2021. ఆ సంవత్సరంతో పిల్లలు ఏం చేసుకుంటారు చెప్పు? ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. ఆ గుడిని జనం దేవుడి పేరుతో కాకుండా చెక్కిన శిల్పి పేరుతో పిలుస్తారని చెబుతారు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని సంవత్సరం అడిగావేమిటయ్యా?

ఇప్పుడు నా సొంత గోల ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో పది బడుల మధ్య క్విజ్ పెట్టారు. ప్రశ్నలు నావే, మైకు ముందు కూర్చున్నదీ నేనే. రెండో రౌండులో “ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఏది?” అని అడిగాను. రెండు జడలు వేసుకున్న అమ్మాయి లేచి, తడుముకోకుండా “రామచిలుక” అంది. నేను నవ్వుతూ “కాదమ్మా” అన్నాను. ప్రశ్న పక్క టీముకి పోయింది. వాళ్లు “పాలపిట్ట” అన్నారు. పది మార్కులు ఇప్పించాను. ఆ పిల్ల వాదించలేదు. తలొంచుకుని పెన్ను మూత తీయడం, పెట్టడం, తీయడం. తర్వాత వచ్చిన మూడు ప్రశ్నలకు నోరు విప్పలేదు.

భోజనాల దగ్గర వాళ్ల టీచరమ్మ వచ్చి ఫోన్ చూపించింది. పాలపిట్ట ఉమ్మడి రాష్ట్రంలోది. విడిపోయాక తెలంగాణ దాన్ని ఉంచుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ప్రకటించింది. నా నోటుబుక్కులో ఉన్నది నేను ఎప్పుడో రాసుకున్న పాత మాట. అప్పటికే బహుమతులు అయిపోయాయి. షీల్డు పట్టుకుని వేరే బడి పిల్లలు బస్సెక్కేశారు. మైకులో క్షమాపణ చెప్పాను, ఆ పిల్లని పిలిచి మరీ చెప్పాను. “పర్లేదు సార్” అంది. పర్లేదు అన్న మాట అంత గుచ్చుకుంటుందని అప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి ప్రతి జవాబు పక్కనా సరిచూసిన తేదీ వేసుకుంటున్నాను. నువ్వూ వేసుకో. నీ యాభైలోనే పాతబడ్డవి నాలుగు దొరికాయి. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉందన్నావు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫాం గోరఖ్‌పూర్ అన్నావు. నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ అని చదువుకున్నాం, తర్వాత గోరఖ్‌పూర్ అయింది, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్లికి మారింది. ఎవరెస్టు ఎత్తు 8,848 దగ్గర ఆపేశావు, నేపాల్, చైనా కలిసి 2020 డిసెంబరులో 8,848.86 మీటర్లని ప్రకటించాయి. రాకేశ్ శర్మను “అంతరిక్షంలోకి వెళ్లిన ఏకైక భారత పౌరుడు” అన్నావు. 1984 నుంచి నలభై ఏళ్లకు పైగా ఆ మాట నిలబడింది, నిజమే. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్లడంతో చెల్లిపోయింది. అదే “మొదటి” అని రాసి ఉంటే ఎప్పటికీ పాతబడదు కదా. ‘ఏకైక’, ‘అతి పెద్ద’, ‘అతి పొడవైన’ అనే మాటలు కలం చివరకు వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగు.

‘మొదటి’కీ దాని చిక్కు దానికుంది. “భాషా ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం” ఆంధ్ర రాష్ట్రం అన్నావు. స్వాతంత్ర్యం తర్వాత, 1953లో అయితే ఒప్పుకుంటాను. భాష ప్రాతిపదికగానే ఒడిశా 1936లో విడి రాష్ట్రమైంది. “స్వాతంత్ర్యం వచ్చాక” అనే రెండు మాటలు చేరిస్తే గొడవ లేదు. జిల్లాల సంఖ్య మాత్రం అసలు అడక్కు. తెలంగాణలో 10 ఉన్నవి 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. నీ పుస్తకం ప్రెస్సులో ఉండగానే మారినా మారొచ్చు.

మొదటి నుంచీ తప్పుగా ఉన్నది ఒకటే: జాతీయ క్రీడ హాకీ అన్నది. బిట్ బ్యాంకులన్నిట్లో ఉంది, మా రోజుల్లోనూ ఉండేది. సమాచార హక్కు కింద ఒక బడిపిల్ల అడిగితే, దేన్నీ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లో కేంద్రమే చెప్పింది. “మూడు చోట్ల చూశానన్నా” అంటావు, తెలుసు. ఆ మూడూ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినవైతే అది ఒక్క చోటే. ప్రభుత్వ ఉత్తర్వో, పాఠ్యపుస్తకమో, మంచి విజ్ఞాన సర్వస్వమో ఒకటి కనిపించేదాకా టిక్కు పెట్టకు.

ఆప్షన్ల సంగతికొస్తే, అక్కడ బాగా బద్ధకించావు. “గోదావరి ఎక్కడ పుట్టింది?” అని అడిగి, త్రయంబకం పక్కన లండన్, చార్మినార్, హిమాలయాలు పెట్టావు. పిల్లలకి నవ్వొస్తుంది, అంతే. త్రయంబకం పక్కన మహాబలేశ్వరం, అమర్‌కంటక్, నంది కొండలు పెట్టి చూడు. కృష్ణ, నర్మద, పెన్న పుట్టిన చోట్లు అవి. తప్పు చెప్పిన పిల్లాడితో “అక్కడ పుట్టింది కృష్ణరా” అనొచ్చు. తప్పు జవాబుకి కూడా ఓ నది దొరుకుతుంది వాడికి. ఇంకో మాట, నీ కీలో సరైన జవాబు పదహారు సార్లు ‘సి’. పిల్లలు ఇలాంటివి మనకంటే ముందు పసిగడతారు.

ప్రశ్నను పైకి చదువుకునే అలవాటు ఉందా? నీ వాక్యాలు చూస్తే లేదనిపిస్తోంది. తెలుగులో అసలు మాట వాక్యం చివర వస్తుంది. “మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, తుంగభద్రల్లో గోదావరికి ఉపనది కానిది ఏది?” అని నింపాదిగా చదువుతుంటే, ‘ఉపనది’ దగ్గరే ఎవడో బజర్ నొక్కి “మంజీర” అంటాడు. తప్పు వాడిది కాదు. “ఈ నాలుగింట్లో ఒకటి గోదావరిలో కలవదు” అని ముందే చెప్పి, ఆ తర్వాత పేర్లు చదువు. పుస్తకంలో అచ్చేసేటప్పుడు కూడా అంతే, పిల్లలు చాలామంది పెదాలు కదుపుతూ చదువుతారు.

ప్రశ్న రాసేటప్పుడు ఎవరు గుర్తొస్తున్నారో కూడా చూసుకో. నీ యాభైలో కార్ల లోగోలు, విదేశీ క్లబ్బుల ఫుట్‌బాల్, ఇంగ్లిష్ పేర్ల సంక్షిప్త రూపాలు పద్నాలుగున్నాయి. నేను చిన్నప్పుడు మా మేనమామ గారింట్లో ఆదివారాలు రేడియోలో బోర్న్‌వీటా క్విజ్ వినేవాణ్ని. అంతా ఇంగ్లిష్. చప్పట్లు మాత్రమే అర్థమయ్యేవి. అయినా కదలబుద్ధి అయ్యేది కాదు. తెలుగులో ప్రశ్నలు రాయాలన్న పిచ్చి అక్కడే పట్టుకుంది. కాబట్టి మా వైపు జిల్లా పరిషత్ బడిలో వెనక బెంచీ పిల్లాడు నాకు ఎప్పుడూ గుర్తొస్తాడు. ఒకసారి అలాంటి బడిలోనే “ఏ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు?” అని అడిగాను. ముందు వరసలో ఉన్న క్లాస్ ఫస్టులు మొహాలు చూసుకున్నారు. వెనక నుంచి “రోహిణి” అని గట్టిగా వినబడింది. ఏడాదికి ఎన్ని కార్తెలంటే ఇరవై ఏడు అన్నాడు. వాళ్ల నాన్న కౌలు రైతట. ఆ పూటంతా వాడు మళ్లీ వెనక బెంచీకి పోలేదు.

అలాగని ఊరి ప్రశ్నలతోనే నింపమని కాదు. కరణం మల్లీశ్వరి సిడ్నీలో గెలిచిన కాంస్యం మీద నువ్వు రాసిన ప్రశ్న చక్కగా ఉంది, అలాగే ఉంచు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ శ్రీకాకుళం జిల్లా అమ్మాయి అంటే ఏ ఊరి పిల్లకైనా వెన్ను నిటారవుతుంది.

చదరంగం ప్రశ్న గురించి నవ్వుతూ ఒక మాట. “బోర్డు మీద ఎన్ని చతురస్రాలు?” అని అడిగి 64 అన్నావు. లెక్కల పిచ్చి ఉన్న కుర్రాడు ఎవడైనా 204 అంటాడు. చిన్న గళ్లు 64, రెండేసి గళ్లవి 49, మూడేసివి 36... అలా మొత్తం బోర్డు దాకా కలుపుకుంటూ పో. వాడే రైటు. “గళ్లు” అని మార్చు. లేదా 204నే జవాబుగా పెట్టి చివరి పేజీలో వేసుకో.

ఈసారి యాభై పంపకు. ఇరవై చాలు. ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాల వివరణ తప్పకుండా ఉండాలి. ఇప్పుడు నీ కీ అంతా ఒక్కో మాటే, రేషన్ ఇచ్చినట్టు.

నీ ప్రశ్నలన్నీ మా మనవరాలికి కూడా చదివి వినిపించాను. ఏడో తరగతి. సగానికి పైగా ఫోన్ చూసుకుంటూ విన్నది. నలభై ఒకటో ప్రశ్న దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టింది. “చీమకు ఊపిరితిత్తులు ఉంటాయా?” అన్నది కదా అది. “లేకపోతే ఎలా బతుకుతుంది తాతా?” అని పంచదార డబ్బా దగ్గరికి వెళ్లి బోర్లా పడుకుంది. నీ కీలో “ఉండవు” అని రాసి వదిలేశావు. ఒంటికి రెండు పక్కలా సన్నని రంధ్రాలుంటాయని, గాలి వాటిలోంచే లోపలికి వెళుతుందని నేను చెప్పొచ్చు. చెప్పలేదు. నువ్వు రాసి పంపుతావని చెప్పాను. రోజూ అడుగుతోంది.

మీ అన్న