జవాబు: క్లయింట్లు పెరిగారు, డబ్బు మిగలట్లేదు, మోకాళ్లు పోతున్నాయి

విశాఖలో క్లయింట్ల దగ్గరికే వెళ్లి ఫిట్‌నెస్ ట్రైనింగ్ ఇస్తున్నానని, క్లయింట్లు పెరిగినా డబ్బు మిగలట్లేదని, మోకాళ్లు నొప్పెడుతున్నాయని అడిగారు. మీ సమస్య క్లయింట్లు ఎక్కువవడం కాదు, బండి మీద తిరుగుడు. పొద్దున ఎంవీపీ కాలనీ, తర్వాత గాజువాక, సాయంత్రం మధురవాడ అని రాశారు. అంటే రోజూ ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకి కొలుస్తున్నారు.

1. ముందు అసలు లెక్క వేయండి. చాలామంది వదిలేసేది ఇదే. గాజువాక సెషన్‌కి 500 అన్నారు. ట్రైనింగ్ గంట, రానూ పోనూ రెండు గంటలు. గంటకి 166 పడింది, అందులోంచే పెట్రోలు. ఒక్కో క్లయింటుకీ ఇలా కాగితం మీద రాయండి. నేను రాసుకున్న రోజు తల తిరిగింది.

2. లెక్కలో అడుగున తేలినవాళ్లని ఆన్‌లైన్‌కి మార్చండి, లేదా అదే ఏరియాలో నలుగురిని కలిపి బ్యాచ్ చేయండి. కుదరదంటే రేటు పెంచండి. ఒకరిద్దరు మానేస్తారు, మాననివ్వండి.

3. ప్రతి సెట్టూ మీరే చేసి చూపించకండి. ఒకసారి చాలు, తర్వాత నోటితో చెప్పండి. నొప్పి రెండు వారాల్లో తగ్గకపోతే ఫిజియోకి చూపించుకోండి.

4. మధ్యాహ్నం 1 నుంచి 4 వరకు బుకింగ్ వద్దు. తిండి, కునుకు, మీ సొంత వర్కవుట్.

ఆదివారం ఆర్కే బీచ్ బ్యాచ్ మాత్రం వదలకండి. ఒకే చోట పదిమంది, మీకు నిజంగా మిగిలేది అదే.