మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టడం తప్పేనా? ఏడాది తర్వాత ఎలా తేల్చుకోవాలి?

2024 మార్చిలో తేజ రకం మిర్చి కాయ అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టారని, తర్వాత రేటు పడిపోయిందని, ఇప్పటికీ ఆ మాట మీదే ఇంట్లో అందరూ మీ నాన్నగారిని తప్పుపడుతున్నారని మీరు రాశారు. అది తప్పో కాదో తేల్చాలంటే చివరికి అమ్మిన రేటును కాసేపు పక్కన పెట్టండి. ముందు కావలసింది పెట్టిన రోజు లెక్క.

ఆ రోజు రైతు కళ్ల ముందు ఏముందో చూడండి. 2021-22లో నల్ల తామర పురుగు రెండు రాష్ట్రాల్లోనూ మిర్చిని ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత 2023లో మేలు రకాలు క్వింటా 20 వేలు దాటాయి. అది చూసినవాళ్లు 2024లో సరుకు ఆపుకోవడం దురాశ కాదు. ఆ తర్వాత రేట్లు దిగజారి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం, రేటు పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఈ సంగతి ఇప్పుడు మనకు తెలుసు. మార్చిలో బాండు (కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదు) మీద సంతకం పెట్టిన మనిషికి తెలియదు.

అయితే ఆ రోజే వేయగలిగిన లెక్క ఒకటుంది, చాలామంది వేయనిది అదే. యార్డులో రేటు 18,000 అనుకుందాం. ఆరు నెలలు ఉంచాలి. పురుగుమందుల కొట్లోనో కమీషన్ ఏజెంటు దగ్గరో రెండు రూపాయల వడ్డీ నడుస్తుంటే నెలకు 360, ఆరు నెలలకు 2,160. టిక్కీకి, అంటే కాయ కట్టిన బస్తాకు, అద్దె 200, టిక్కీ 40 కిలోలు అనుకుంటే క్వింటాకు రెండున్నర టిక్కీలు, అంటే 500. హమాలీ, బండి కలిపి ఇంకో 100. తూకంలో నూటికి రెండు కిలోలు తరుగు. అన్నీ కలిపితే దాదాపు 21,200 పలికితేనే మార్చిలో అమ్మినదానితో సమానం. అదే రూపాయి వడ్డీ బ్యాంకు అప్పయితే 20,100 చాలు. మీ బాండు మీది అద్దె, మీ అసలు వడ్డీ ఇందులో వేసుకోండి. ఆ అంకెకు చేరే అవకాశం ఉందనడానికి ఆ రోజు చేతిలో కారణం ఉంటే పెట్టడం సరైనదే. రెండు రూపాయల అప్పు మీద కూర్చుని, కారణమేదీ లేకుండా “పెరుగుతుందిలే” అని పెడితే మాత్రం, రేటు 22 వేలకు వెళ్లినా అది తప్పు నిర్ణయమే. అదృష్టం కలిసొచ్చిందంతే.

ఆ రోజు ఏం తెలుసో గుర్తు తెచ్చుకుని రాయకండి, కాగితాలు తీయండి. 1972లో నిక్సన్ చైనా, మాస్కో పర్యటనలకు ముందు బారుక్ ఫిష్‌హాఫ్, రూత్ బెయ్త్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థులను ఏది జరిగే అవకాశం ఎంతని అడిగారు. పర్యటనలు అయ్యాక, అప్పుడు మీరేం చెప్పారో గుర్తు తెచ్చుకోమన్నారు. జరిగిపోయిన సంగతులకు, నిజంగా ఇచ్చినదానికంటే ఎక్కువ అవకాశం తాము ముందే ఇచ్చినట్టు వాళ్లకు గుర్తుంది. “నేను అప్పుడే చెప్పాను” అనే బాబాయి అబద్ధమాడుతున్నాడని కాదు, ఆయనకు నిజంగా అలాగే గుర్తుంటుంది. అందుకే బాండు, తక్‌పట్టీలు (సరుకు అమ్మినప్పుడు ఏజెంటు ఇచ్చే లెక్క చీటీలు), ఆ నెల వాట్సాప్ రేట్ల మెసేజ్‌లు, ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఆ తేదీల ధరలు ముందు పెట్టుకోండి. తేదీ లేని మాట ఏదీ లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక అసలు విషయం. సరుకు పెట్టడం ఒక నిర్ణయం, ఉంచడం వేరే నిర్ణయం. ఇళ్లలో గొడవంతా మొదటిదాని మీదే నడుస్తుంది, నష్టం ఎక్కువగా రెండోదానిలో జరుగుతుంది. వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచినప్పుడు ఒక రేటు. జూలై, ఆగస్టుల్లో నార్లు ఎంత పోశారు, ఎన్ని ఎకరాలు నాటారు అన్నది ఊళ్లో కళ్లకే కనిపిస్తుంది. చైనా, బంగ్లాదేశ్ కొనుగోళ్లు ఎలా ఉన్నాయో ఏజెంటుకు తెలుస్తుంది. ఆ తర్వాత మధ్యప్రదేశ్ కొత్త కాయ దిగుతుంది. వీటిలో ప్రతిసారీ “ఈ రోజు నా దగ్గర సరుకు లేకుండా ఈ డబ్బే ఉంటే, ఈ రేటుకు మిర్చి కొని దాచుకుంటానా?” అని అడగాలి. కొననంటే అమ్మేయాలి. అప్పటికే కట్టిన వడ్డీ ఆ ప్రశ్నలోకి రాకూడదు, ఇకమీదట పడేదే లెక్క. నాన్నగారు ఏ నెలలో ఏ సమాచారం వచ్చాక కూడా ఆగారో తేదీలవారీగా రాస్తే, తప్పు ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలుస్తుంది.

ఇంకొకటి విడదీయండి. మీరు అమ్మిన రోజు మీ తక్‌పట్టీలో 11,000 ఉండి, అదే రోజు తేజ ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీలో ఉంచినది) మేలు రకం 12,200 పలికిందనుకోండి. ఆ 1,200 మార్కెట్ చేసిన నష్టం కాదు, కాయది. తేమ 10-11 శాతానికి దిగకుండా కట్టారేమో, కాయ విరగకుండా ఉండాలని టిక్కీలో తొక్కేముందు నీళ్లు చల్లారేమో, తాలు (రంగు పోయిన నాసి కాయ) సరిగా ఏరలేదేమో చూసుకోండి. సరిగ్గా ఎండిన కాయను ఊపితే లోపల గింజ గలగలలాడుతుంది. పచ్చి మీద కట్టిన టిక్కీ విప్పితే నడిమి కాయలు నల్లబడి, బూజు వాసన కొడతాయి. స్టోరేజీ నుంచి వానాకాలంలో బయటికి తీసిన సరుకుకు చెమ్మ పడుతుంది, అది రెండు మూడు రోజులు అలాగే ఉండిపోతే రంగు పోతుంది. వీటిని వచ్చే ఏడు మీ చేతులతో సరిచేసుకోవచ్చు. రేటు మీ చేతిలో లేదు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు నష్టం అంకెతో మొదలుపెట్టకండి. “ఆ రోజు ఎంత వస్తుందనుకున్నారు, ఎందుకనుకున్నారు” అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఈ ఏడు పెట్టేట్టయితే, రెండు రూపాయల అప్పు తీరేంత సరుకు ముందు అమ్మి, మిగిలిందే పెట్టండి. బాండు జిరాక్సు వెనకాల మూడు సంగతులు ఆ రోజే రాసి సంతకం చేయించండి: సమానమయ్యే రేటు, ఎందుకు పెడుతున్నారు, ఏం జరిగితే నష్టానికైనా అమ్మేస్తారు. నెలకోసారి తీసి, పక్కనే ఆ రోజు రేటు వేయండి.