ప్రాసిక్యూటర్‌గా పైకి వెళ్తే దర్యాప్తులు మన చేతిలో ఉంటాయా?

లా ఆఖరి సంవత్సరంలో ఉన్నానని, పెద్ద క్రిమినల్ కేసుల దర్యాప్తు మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ లాయరు కావాలనుందని, ఆ ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగారు. ఇరవై ఆరేళ్లు ప్రాసిక్యూషన్‌లో చేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా, మన దగ్గర ఆ అజమాయిషీ మీరు ఊహించుకున్నట్టు ఉండదు. దర్యాప్తు పోలీసులది. చార్జిషీటు వేసే ముందు పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) అభిప్రాయం తీసుకోవాలని పోలీసులను ఆదేశించడానికి కోర్టుకి కూడా వీల్లేదని 2000లోనే ఆర్. సరళ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

మరి మనం చేసేదేంటంటే ఫైలు చదవడం. ఇన్‌స్పెక్టర్ సీడీ ఫైలు, అంటే దర్యాప్తు కాగితాలుండే కేసు డైరీ, పట్టుకుని సలహాకి వస్తాడు, అదీ చార్జిషీటు వేయడానికున్న తొంభై రోజుల గడువు ఇంకో రెండ్రోజుల్లో అయిపోతుందనగా, అది దాటితే ముద్దాయికి బెయిలు హక్కుగా వచ్చేస్తుంది కదా, ఆ టెన్షనంతా తెచ్చి మన టేబుల్ మీద పెడతాడు.

నేను అదనపు పీపీగా ఉండగా ఒక హత్య కేసు వచ్చింది. పలుకుబడి ఉన్న కుటుంబం, రోజూ పేపర్లో వార్త. రాత్రి పదింటికి మా వరండాలో కూర్చుని చదువుతుంటే, కత్తి స్వాధీనం చేసుకున్నప్పుడు సాక్షుల ముందు రాసిన మధ్యవర్తుల రిపోర్టులో (పంచనామాలో) టైము ఉదయం 7.30 అని ఉంది, అరెస్టు మెమోలో 9.15. అంటే ముద్దాయిని పట్టుకోకముందే కత్తి దొరికినట్టు. డిఫెన్స్ లాయరుకి ఆ గంటా ముప్పావు చాలు, రోజంతా ఆడుకుంటాడు. "మేడం, కొత్తది రాయించేస్తా, మధ్యవర్తులు మన వీఆర్వోలే కదా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కుదరదన్నాను. ఉన్నది ఉన్నట్టే పంపండి, అలా ఎందుకు పడిందో మీరే బోనెక్కి చెప్పుకోండి అన్నాను. రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

విచారణలో జడ్జిగారు ఆ రికవరీని పక్కన పెట్టేశారు. కేసు నిలబడింది మాత్రం తెల్లవారుజామున బైకులు చూసిన పాలాయన సాక్ష్యం మీద, పెట్రోలు బంకు సీసీ కెమెరా మీద. ఆ ఫుటేజీ అసలైనదేనని కోర్టుకి ఇవ్వాల్సిన 65బి సర్టిఫికెట్ కోసం నేను ఎన్నిసార్లు ఫోన్ చేశానో, ఎందుకంటే అంతకుముందు ఒక కేసు ఆ కాగితం జత చేయించడం మర్చిపోయి పోగొట్టుకున్నాను, తప్పు పూర్తిగా నాదే. ఇద్దరికి శిక్ష పడింది, మూడోవాడు బయటికి వెళ్లిపోయాడు. వాడు చేశాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఒత్తిళ్ల సంగతీ అడిగారు. దర్యాప్తు నడుస్తున్నప్పుడు వచ్చే ఫోన్ల కంటే, కేసు ఉపసంహరణకి జీవో వచ్చాక వచ్చేవి ఎక్కువ ఇబ్బంది పెడతాయి. "జీవో వచ్చింది కదా, పిటిషన్ మీద సంతకం పెట్టేయండి" అంటారు. చట్టం ప్రకారం పీపీ తన బుర్రతో ఆలోచించి వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. సంతకం పెట్టని ప్రాసిక్యూటర్లకి ఏమవుతుందో బార్‌లో ఎవరినైనా అడగండి.

2024 జులై 1న సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కి పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసులను కనిపెట్టుకుని ఉండే పని అప్పగించారు. మీరు అనుకుంటున్న కుర్చీకి కాస్త దగ్గరగా ఉన్నది అదే. దానిక్కూడా పదిహేనేళ్ల ప్రాక్టీసన్నా ఉండాలి, లేదా సెషన్స్ జడ్జిగా చేసుండాలి. పైగా కేసులు త్వరగా నడిచేలా చూడటం, అప్పీలు వేయాలా వద్దా అని చెప్పడమే తప్ప దర్యాప్తు చేయించడం అందులోనూ లేదు.

కింది నుంచి రావాలంటే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పరీక్ష ఉంది, మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. పోలీసు నియామక బోర్డే పెడుతుంది, తెలంగాణలో 2021లో 151 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ మూడేళ్లూ కోచింగ్ సెంటర్లో గడపకుండా, సెషన్స్ కోర్టులో డిఫెన్స్ కేసులు చేసే సీనియర్ దగ్గర చేరండి. మధ్యవర్తుల రిపోర్టులో టైములు ఎలా వెతకాలో వాళ్ల దగ్గరే వస్తుంది.