తప్పు జవాబే ముందు తోస్తుంటే... (పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు)

ప్రశ్న: గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నాను. శ్రీకాళహస్తి ఏ జిల్లా అంటే చటుక్కున చిత్తూరనే వచ్చేస్తుంది. తిరుపతి జిల్లా అని పదిసార్లు చదివినా అంతే. గుర్తు చేసుకున్నప్పుడు మెదడులో గ్రోత్ ప్రొటీన్లు (కణాల ఎదుగుదలకు తోడ్పడేవి) పనిచేసి జ్ఞాపకాన్ని దిద్దుతాయంటారు కదా, మరి నాకెందుకు దిద్దడం లేదు?
– ఓ పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పదిసార్లు చదవడంలోనే ఉందమ్మా చిక్కు. చదివేటప్పుడు కొత్త జవాబు కళ్లెదుటే ఉంటుంది, పాతది పైకి రావలసిన పనే పడదు. పైకి రానిదాన్ని మెదడు దిద్దదు.

గుర్తొచ్చిన జ్ఞాపకం కాసేపు కదిలే స్థితికి వస్తుందని కరీమ్ నాదర్, గ్లెన్ షాఫ్, జోసెఫ్ లెడూ 2000లో ఎలుకల మీద చూపారు. ఫలానా శబ్దం వస్తే షాక్ తగులుతుందని ఎలుకలకు అలవాటు చేశారు. తర్వాత ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే అమిగ్డలా అనే మెదడు భాగంలోకి ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించారు. మర్నాడు అదే శబ్దానికి వాటి భయం బాగా తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా మందిస్తే మార్పు లేదు. వినిపించిన 6 గంటలకు ఇచ్చినా లేదు. గుర్తొచ్చిన జ్ఞాపకం మళ్లీ కుదురుకోవాలంటే కొత్త ప్రొటీన్లు కావాలనీ, ఆ పని కొన్ని గంటల్లో ముగుస్తుందనీ దీన్నిబట్టి తేలింది.

నాడీకణాలు కలిసే చోటును సినాప్స్ అంటాం. గుర్తొచ్చినప్పుడు అక్కడ ముందు కొన్ని పాత ప్రొటీన్లు విరిగిపోతాయి, ఆ తర్వాత కొత్తవి చేరతాయి. బీడీఎన్ఎఫ్ లాంటి గ్రోత్ ప్రొటీన్ల అవసరం ఈ రెండో దశలో పడుతుంది. అది ఒక కణం నుంచి బయటికొచ్చి, పక్క కణం మీదున్న ట్రాక్-బి రిసెప్టర్‌ను (సంకేతం అందుకునే ప్రొటీన్‌ను) పట్టుకుంటే ఆ సినాప్స్ దగ్గరే ప్రొటీన్ల తయారీ ఊపందుకుంటుంది. అలాగని ఘనతంతా బీడీఎన్ఎఫ్‌కే కట్టబెట్టలేం. 2004లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఎలుకల హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) చూస్తే, భయం కొత్తగా నేర్చుకోవడానికి బీడీఎన్ఎఫ్ కావలసి వచ్చింది కానీ, గుర్తొచ్చిన భయం మళ్లీ కుదురుకోవడానికి జిఫ్268 అనే వేరే ప్రొటీన్ కావలసి వచ్చింది. మరికొన్ని రకాల జ్ఞాపకాల్లో బీడీఎన్ఎఫ్ పాత్ర ఆ తర్వాత బయటపడింది. 2011లో ఐజీఎఫ్-2 అనే ఇంకో గ్రోత్ ప్రొటీన్‌ను ఎలుకల హిప్పోకాంపస్‌లోకి ఎక్కిస్తే, అప్పుడే గుర్తు చేసిన జ్ఞాపకం గట్టిపడింది. అదీ నేర్చుకుని ఎక్కువ రోజులు కాకపోతేనే.

మీకు అసలు పనికొచ్చే సంగతి ఇంకొకటి. ఊహించింది ఒకటి, ఎదురైంది ఇంకొకటి అయినప్పుడే మెదడు పాత జ్ఞాపకాన్ని కదిలిస్తుంది. అందుకని పుస్తకం మూసి, ప్రశ్న మాత్రం చూసి, నోటికొచ్చిన జవాబు కాగితం మీద పెట్టండి. చిత్తూరని వస్తే చిత్తూరనే రాయండి. ఎంత నమ్మకంగా రాశారో పక్కన ఒక అంకె వేసుకోండి. గట్టి నమ్మకంతో రాసిన తప్పు, కీ చూడగానే ఉలిక్కిపడేలా చేస్తుంది కాబట్టి తేలిగ్గా దిద్దుబాటవుతుంది. లేవకుండా వెంటనే కీ చూసి, పాతదీ కొత్తదీ ఒకే వాక్యంలో కలపండి: ‘శ్రీకాళహస్తి 2022 ఏప్రిల్ 4కు ముందు చిత్తూరు జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి తిరుపతి జిల్లాలో ఉంది.’ పాత జవాబు చెరిగిపోదు, దానికి తేదీ అతుక్కుంటుంది. పరీక్షలో రెండూ పోటీపడితే గట్టెక్కించేది ఆ తేదీయే. పది నిమిషాలాగి మళ్లీ అడుక్కోండి. రాత్రి నిద్రపోయి పొద్దున ఇంకోసారి, మూడో రోజు, వారానికి ఒకసారి.

ఎక్కువమంది దెబ్బతినేది మాక్ టెస్టుల దగ్గర. టెస్టు రాసేసి, మార్కులు చూసుకుని, కీ పక్కన పడేస్తారు. అలా చేస్తే గుర్తు చేసుకున్న తప్పే మరింత బలపడే ప్రమాదం ఉంది. ఒకేసారి కూర్చుని యాభై తప్పులు దిద్దబోవడమూ దండగే, పది పన్నెండు చాలు. ఇక ఆ 6 గంటలు ఎలుకల లెక్క. దాన్ని టైమ్‌టేబుల్‌లో రాసుకోకండి. మర్నాడు దిద్దినా ఉపయోగమే, అసలు దిద్దకపోవడమే నష్టం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. బీడీఎన్ఎఫ్ పెంచుతాయని క్యాప్సూల్స్ అమ్ముతున్నారు. రక్తపరీక్ష చేయించి వాడమంటారా?
– ఓ తండ్రి, కట్టమంచి, చిత్తూరు

జవాబు: వద్దండి. బీడీఎన్ఎఫ్ ప్రొటీన్, నోట్లో వేసుకుంటే పప్పులోని ప్రొటీన్ లాగే కడుపులో అరిగిపోతుంది. దాన్ని పెంచుతామనే మూలికలకైనా మార్కులు పెంచిన రుజువు లేదు. పరీక్షా అంతే. రక్తంలో బీడీఎన్ఎఫ్ చాలావరకు ప్లేట్‌లెట్లలో ఉంటుంది. శాంపిల్ గడ్డకట్టినప్పుడు అవి దాన్ని వదులుతాయి కనుక, సీరంలో (గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఒక అంకె, ప్లాస్మాలో (గడ్డకట్టని రక్తంలోని ద్రవం) ఇంకో అంకె వస్తాయి. హిప్పోకాంపస్‌లో ఏం జరుగుతోందో ఆ రిపోర్టు చెప్పదు. ఆ డబ్బు మిగుల్చుకుని, పిల్లాడు రాత్రి పదకొండుకల్లా పడుకునేలా చూడండి.

ప్రశ్న: ఘాట్ రోడ్డులో బైక్ జారి పడ్డాను. ఏడాదవుతున్నా మలుపు చూస్తే చేతులు వణుకుతాయి. పదే పదే గుర్తు చేసుకుంటే జ్ఞాపకం మారి భయం పోతుందా?
– ఓ పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఊరికే తలచుకుంటే పోదు. భయంతో తలచుకుని భయంతోనే ఆపేస్తే, మళ్లీ కుదురుకునేది ఆ భయమే. 2010లో న్యూయార్క్‌లో మనుషుల మీద చేసిన ప్రయోగంలో, భయాన్ని ఒకసారి గుర్తు చేసి, 10 నిమిషాలాగి, షాక్ లేకుండా ఆ భయం పుట్టించిన బొమ్మనే పదే పదే చూపితే భయం తిరిగి రాలేదు. కానీ అది ల్యాబులో రంగు చతురస్రాలు చూపి పుట్టించిన చిన్న భయం. తర్వాత చేసిన కొన్ని ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదు కూడా. ఏడాదిగా వణుకుతున్నారంటే సైకియాట్రిస్టును గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవాల్సిందే. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416, ఉచితం. భయం తగ్గుతుందని ప్రొప్రనొలాల్ (బీపీ, గుండెదడకు ఇచ్చే మందు) మాత్ర గురించి ఎవరైనా చెబితే సొంతంగా వేసుకోకండి. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

ప్రశ్న: నాకు 66. అలిపిరి మెట్లెక్కితే మెదడుకు మంచిదా?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: నడక మంచిదే. 55 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు 120 మందితో అమెరికాలో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగంలో, వారానికి 3 రోజులు 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచినవాళ్ల హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. బాగా పెరిగినవాళ్ల రక్తంలో బీడీఎన్ఎఫ్ కూడా ఎక్కువగా కనిపించింది. తర్వాతి ప్రయోగాలన్నిటిలోనూ ఇంత స్పష్టంగా రాలేదు. అలిపిరిలో 3,550 మెట్లు. ఎప్పుడో ఏడాదికోసారి ఎక్కితే పుణ్యం మాటేమో గానీ మెదడుకు ఒరిగేది తక్కువ. చదునైన రోడ్డు మీద పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ 40కి రండి. నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి; ఆ వేగం చాలు. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉంటే మెట్ల సంగతి డాక్టరును అడిగాకే.