సంస్మరణ సంచిక పని చేపట్టిన అమ్మాయికి

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చి. ల. సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ముసాయిదా అందింది. రెండుసార్లు చదివాను. గడచిన ఏడెనిమిదేళ్లలో మనల్ని విడిచి వెళ్లిన ఆకాశవాణి, దూరదర్శన్ సహోద్యోగులనూ, వారితో పాటు ఈ నగరంలో వార్తల వెంట తిరిగిన పాత్రికేయులనూ స్మరించుకుంటూ ఒక సంచికను, దానికి తోడుగా అరగంట శ్రవ్య కార్యక్రమాన్ని తయారు చేసే బాధ్యతను మా విశ్రాంత ఉద్యోగులు నీ చేతుల్లో పెట్టారంటే, అది నీ మీద ఉన్న నమ్మకమే. ఎక్కడైనా నా మాట కటువుగా తోస్తే, ఆ పేర్లలో సగానికి పైగా నా పక్క కుర్చీల్లో కూర్చున్నవారివి కాబట్టేనని అర్థం చేసుకో.

ముసాయిదాలో ఇరవై ఇద్దరు ఉన్నారు. పేర్ల మీద అరచెయ్యి పెట్టి, కింది వాక్యాలు మాత్రమే చదివాను. ఎవరి గురించి రాశావో పోల్చుకోగలిగినవి నాలుగే. మిగిలినవారందరూ నిరాడంబరులే, మృదుభాషులే, అజాతశత్రువులే. అందరి మరణమూ ప్రసార రంగానికి తీరని లోటే. నువ్వు అశ్రద్ధగా రాశావని అనను. త్యాగరాయ గానసభలోనూ, సోమాజిగూడ ప్రెస్ క్లబ్బులోనూ జరిగే సంతాప సభల్లో ఈ మాటలు ఎంతగా నలిగాయంటే, కలం పట్టగానే అవే ముందు వచ్చి నిలబడతాయి. వాటిని కొట్టివేసి, ఒక్కొక్కరి విషయంలో ఒకే ప్రశ్న వేసుకో: ఈ మనిషి డ్యూటీలో ఉన్న వేళ తన చేతులతో, తన గొంతుతో ఏమి చేసేవారు? దానికి జవాబు దొరికేవరకు ఆ పుట పూర్తి కానట్టే లెక్క. పత్రికల్లో పనిచేసినవారి రాత, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట పాత సంపుటాలు తిరగేస్తే ఏదో ఒక మూల దొరుకుతుంది. మైకు ముందు పలికిన మాట పలికిన క్షణంలోనే వెళ్లిపోతుంది కాబట్టి, మనవాళ్ల పనిని ఎవరో ఒకరు పూనుకుని రాయకపోతే అది జరిగినట్టే ఎవరికీ తెలియదు.

శాంతిస్వరూప్ గారి మీద నువ్వు రాసిన పుటనే తీసుకుందాం. 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారన్నావు, దూరదర్శన్ తొలి తెలుగు న్యూస్ రీడర్ అన్నావు, ఆపైన మూడు పేరాలు ప్రశంసతో నింపావు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లోనే మొదలైనా, తెలుగు వార్తలు 1983 నవంబరు 14న గాని రాలేదన్న సంగతి నీ వ్యాసంలో లేదు. అంతకన్నా ముఖ్యమైనది, ఆనాటికి టెలిప్రాంప్టర్ లేదన్న సంగతి కూడా లేదు. ఎదురుగా అక్షరాలు కదిలే సదుపాయం ఏదీ లేకుండా, బులెటిన్ మొత్తాన్ని కంఠస్థం చేసుకుని, కెమెరా వైపు చూస్తూ ఎదుటి మనిషికి చెప్పినట్టు చెప్పేవారు. అలా ఒక రోజు కాదు, ఏళ్ల తరబడి. చివరి నిమిషంలో ఒక వార్త మారితే, అప్పటికే నోటికి వచ్చేసిన వాక్యాన్ని నాలుక మీదికి రానివ్వకుండా కొత్త వాక్యాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో, వార్తలు చదివే పనిలో ఉన్న నీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ కష్టాన్ని ఒక్క పేరాలో విప్పి చెప్పు. ఆ మూడు పేరాల ప్రశంస అవసరం ఉండదు.

ఇంకొక సంగతి. ‘తొలి’ అన్న మాట రాసినప్పుడల్లా దానికి ఎల్లలు గీయి: ఏ మాధ్యమంలో, ఏ కేంద్రంలో, ఏ సంవత్సరంలో. ఢిల్లీ నుంచి ఆకాశవాణి తెలుగు వార్తలు దూరదర్శన్ రాకకు ఎంతో ముందు నుంచే ఇంటింటా వినిపించేవి. 2017లో పోయిన జోలెపాళెం మంగమ్మ గారిని ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళగా చెబుతారు. అల్లూరి సీతారామరాజు మీద పరిశోధన చేసిన చరిత్రకారిణి కూడా ఆమె. ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన ఏడిద గోపాలరావు గారు 2020లోనూ, మాడపాటి సత్యవతి గారు 2021లోనూ వెళ్లిపోయారు. వీరందరినీ వదిలి ఒక్కరికే ‘తొలి’ కిరీటం పెడితే, చదివిన పెద్దవాళ్లు మొదటి పుటలోనే సంచికను పక్కన పెట్టేస్తారు.

నాకు ఈ పని నేర్పిన న్యూస్ రీడర్ ఒకరు ఉండేవారు. స్టూడియోలోకి వెళ్లగానే బులెటిన్ కాగితాలకు గుచ్చిన గుండుసూదిని ముందు తీసేసేవారు. కాగితాలను విడివిడిగా పరుచుకుని, చదవడం అయిన కాగితాన్ని తిప్పకుండా మెల్లగా పక్కకు జరిపేవారు, ఎందుకంటే మైకు దగ్గర కాగితం మడత చప్పుడు రేకుల మీద వాన పడ్డట్టు వినిపిస్తుంది. ఊపిరి తీసుకోవలసిన చోట పెన్సిలుతో ఒక సన్నని నిలువు గీత, అంకెల కింద అడ్డగీత, నోరు తిరగని విదేశీ పేరు వస్తే దాని పైన అక్షరాలు విడదీసి మళ్లీ రాసుకోవడం ఆయన అలవాట్లు. ఆయన పోయిన తరువాత వారి అబ్బాయి పాత పుస్తకంలో దొరికిన అలాంటి కాగితం ఒకటి తెచ్చి నాకిచ్చాడు. ఆ గీతల దగ్గర ఆగుతూ పైకి చదువుకుంటూ పోతే, రెండో పేరా దగ్గరికి వచ్చేసరికి అది నా గొంతు కాదనిపించింది. నీ సంచికలో దండ వేసిన ఫొటోల బదులు ఇలాంటి కాగితాలు దొరికితే అచ్చు వేయి.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, నువ్వు చేయకుండా ఉండాలని. చాలా ఏళ్ల కిందట ఒక సహోద్యోగి హఠాత్తుగా పోయినప్పుడు, ఒక పత్రికవారు గంటలో నివాళి కావాలని అడిగితే జ్ఞాపకం మీదే రాసి ఇచ్చాను. ఆయన సొంత ఊరి పేరు తప్పు రాశాను; ఆయన ఏళ్ల తరబడి నడిపిన రైతుల కార్యక్రమాన్ని వేరొకరు నడిపినట్టుగా రాశాను. ఆరు నెలల తరువాత వారింటికి వెళితే, ఆ కత్తిరింపును పటం కట్టించి ఆయన ఫొటో పక్కనే గోడకు తగిలించారు. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు. “మీరొక్కరే రాశారండీ” అని కాఫీ తెచ్చి ఇచ్చారు. ఆ కాఫీ ఎలా తాగానో నాకే తెలుసు. ఇంటిపేరు, పుట్టిన ఊరు, చేరిన సంవత్సరం, చేసిన కార్యక్రమాలు, పోయిన తేదీ, ఈ అయిదింటినీ ఇద్దరు వేర్వేరు మనుషులను అడిగి సరిచూసుకోకుండా ఏ పుటనూ అచ్చుకు పంపవద్దు. అందులో ఒకరు తప్పనిసరిగా ఇంట్లోవారై ఉండాలి.

ఇళ్లకు వెళ్లడానికి తొందరపడవద్దు. పెద్దకర్మ అయ్యేవరకు, ముస్లిం కుటుంబమైతే నలభయ్యవ రోజు ఫాతిహా ముగిసేవరకు ఆగి, ముందుగా ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన వేళకే వెళ్లు. “ఆయన ఎలాంటివారు?” అని అడిగితే “చాలా మంచివారు” అనే అంటారు. ఉదయం డ్యూటీ ఉన్న రోజున ఎన్ని గంటలకు లేచేవారు, ఇంటికి వచ్చాక పలకడంలో పొరపాటు జరిగిందని ఎప్పుడైనా బాధపడ్డారా, గొంతు బాగా లేని రోజున ఏమి తాగేవారు, ఇలా అడుగు. మాటలు వాటంతట అవే వస్తాయి. జబ్బు సంగతీ, అప్పుల సంగతీ వాళ్లు చెప్పినా, వాళ్లు రాయమన్నంతవరకే రాయి.

లేచే ముందు బీరువాలో పాత టేపులు గాని క్యాసెట్లు గాని ఉన్నాయేమో అడగడం మరిచిపోవద్దు. క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలను అక్కడికక్కడే విరిచేస్తే, దాని మీద పొరపాటున మరొకటి రికార్డు కాదు. బూజు పట్టినదాన్ని ఆత్రంతో యంత్రంలో పెట్టవద్దు. టేపులు శుభ్రం చేయడం తెలిసినవారికి అప్పగించు. కాపీ తీసేటప్పుడు నాణ్యత తగ్గని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీసి, వాట్సాప్‌లో పంపడానికి మాత్రమే చిన్న ఫైలు చేసుకో. ఒక కాపీ ఆ కుటుంబానికి ఇవ్వడం ధర్మం.

ఈ విషయంలో నా మనసులో ఒక బరువు ఉంది. స్పూలు టేపు ఆ రోజుల్లో ఖరీదైన సరుకు. సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున నడిచే 1,200 అడుగుల టేపులో అరగంటకు కాస్త మించి పట్టదు. నేను పనిచేసిన ఒక చోట టేపులు చాలక, ప్రసారమైపోయినవాటిని చెరిపి మళ్లీ వాడేవారు. ఏవి చెరపవచ్చో రాసిన జాబితాల కింద నా సంతకమూ ఉంది. ఆ జాబితాల్లో ఒక నాటక కళాకారిణి గొంతు ఉంది. ఆమె పోయిన తరువాత మనుమరాలు వచ్చి అమ్మమ్మ మాట ఒక్కటైనా వినిపించమని అడిగితే, ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

గొంతు వినిపించనివారు కూడా నీ జాబితాలో ఉండాలి. అలాంటివారు ముగ్గురే కనిపించారు, అది చాలదు. మా స్టూడియోలో ఒక సాంకేతిక నిపుణుడు ఉండేవాడు. టేపును చేత్తో ముందుకూ వెనక్కూ కదుపుతూ మాట మొదలయ్యే చోటు పట్టుకుని, తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించేవాడు. అతుకు ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. వక్త దగ్గును తీసేసేవాడు గాని ఊపిరిని మాత్రం ఉంచేవాడు. ఊపిరి తీసేస్తే మనిషి మాట్లాడినట్టు ఉండదనేవాడు. అతని పేరు ఏ రోజూ ప్రసారంలో రాలేదు. అలాగే డ్యూటీకి ఇంత అని తీసుకుంటూ ఏళ్ల తరబడి పనిచేసిన క్యాజువల్ అనౌన్సర్లు, లైన్ ఎకౌంట్ మీద, అంటే అచ్చయిన పంక్తుల లెక్కన వచ్చే డబ్బు మీద బతికిన మండల విలేకరులు ఉన్నారు. వీరి పేర్లు ఉద్యోగుల జాబితాల్లో దొరకవు. డ్యూటీ రూమ్ లాగ్ బుక్కులూ, ప్రసార క్రమం రాసుకునే క్యూ షీట్లూ మిగిలి ఉంటే వాటిలో వెతుకు. రామోజీరావు గారు 2024 జూన్ 8న పోయినప్పుడు పత్రికలు పుటల కొద్దీ రాశాయి, రాయవలసిందే. నీ సంచిక అవసరం ఎవరికోసం ఎక్కువో ఆలోచించు.

పాత్రికేయుల భాగంలో ఒక లోపం ఉంది. సీనియర్ సంపాదకులు పొత్తూరి వెంకటేశ్వరరావు గారు 2020 మార్చి 5న పోయారు. మూడు వారాలు తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చింది. ఆ తరువాత రెండేళ్ల పాటు పోయినవారిలో చాలామందికి సంస్మరణ సభ కాదు కదా, నలుగురూ చేరి సాగనంపడమే జరగలేదు. వారిని వరుసలో ఒక పేరుగా చూపి వదిలేయకుండా, ఆ సంవత్సరాలకు విడిగా చోటు ఇవ్వు.

ఉర్దూవారిని కూడా వదిలేశావు. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసేవరకు మన హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రం నిజాం కాలపు దక్కన్ రేడియో. మన కేంద్రం ఉర్దూ కార్యక్రమం ‘నైరంగ్’ వినని పాతబస్తీ ఇల్లు ఒకప్పుడు అరుదు. ఉర్దూ దినపత్రిక సియాసత్ మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ గారు 2023 ఆగస్టు 7న, గద్దర్ అంతిమయాత్రలో, అల్వాల్‌లో గుండెపోటుతో కుప్పకూలి ప్రాణం విడిచారు. స్నేహితుణ్ణి సాగనంపడానికి వెళ్లి అక్కడే పోయిన పాత్రికేయుడి గురించి ఈ నగరంలో వచ్చే సంచికలో ఒక్క మాటైనా లేకపోతే ఎలా? ఆయన గురించి ఉర్దూ తెలిసినవారి చేత రాయించి, నువ్వు తెలుగు చేయి.

ఇళ్లకు వెళ్లినప్పుడు మరొక పని కూడా చూడు. పోయిన పాత్రికేయుడి కుటుంబానికి కేంద్ర సమాచార, ప్రసార శాఖ సంక్షేమ పథకం కింద 5 లక్షల రూపాయల వరకు సహాయం దొరికే వీలుంది. రాష్ట్ర మీడియా అకాడమీ నుంచీ సహాయం ఉంటుంది. చాలామంది ఇళ్లలో ఈ సంగతి తెలియదు, తెలిసినా దరఖాస్తు నింపే ఓపిక ఉండదు. అక్రిడిటేషన్ కార్డు, మరణ ధ్రువపత్రం వంటి కాగితాలు ఒక చోట చేర్చి, దగ్గర కూర్చుని నింపిపెట్టు. నివాళి వ్యాసం నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇక కార్యక్రమం. అరగంట అంటే నీకు నికరంగా మిగిలేది ఇరవై ఎనిమిది నిమిషాలు. ఇరవై ఇద్దరికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి నిమిషంన్నర కూడా రాదు. గొంతులు దొరికిన ఏడెనిమిది మందిని వినిపించి, మిగిలినవారి పేరుతో పాటు వారు చేసిన పని ఒక్క వాక్యంలో చెప్పు. హోదాల వరుస వద్దు, మరణ తేదీల వరుసా వద్దు. ప్రసార దినం నడిచే క్రమంలో పేర్చు: తెల్లవారుజామున సంకేత సంగీతం తరువాత వచ్చే అనౌన్సర్‌తో మొదలుపెట్టి, ఉదయం వార్తలు, మధ్యాహ్నం మహిళలు, సాయంత్రం రైతులు, రాత్రి నాటకం, చివరికి సెలవు చెప్పే గొంతు వరకు. పోయినవారి మాట కింద వేణువు గాని వీణ గాని పెట్టవద్దు. వినేవారు ఆ గొంతును వినాలి గాని సంగీతాన్ని కాదు. ఒక్కొక్క గొంతు ఆగాక మూడు సెకన్లు నిశ్శబ్దంగా వదిలిపెట్టు. ప్రసారం ఆగిపోయిందని డ్యూటీ ఆఫీసరు కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచు.

నా దగ్గర పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. లేబుళ్ల మీద సిరా వెలిసిపోయింది. ఎవరి గొంతు ఏదో పట్టుకుని చెప్పగలిగినవాళ్లం ఇప్పుడు ముగ్గురమే మిగిలాం, అందులో ఒకరికి ఈమధ్య చెవి సరిగా వినిపించడం లేదు. వచ్చే ఆదివారం ఉదయమే వచ్చెయ్. టిఫిన్ ఇక్కడే. ఒక మంచి క్యాసెట్ ప్లేయర్, నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు తెచ్చుకో. నేను విని పేర్లు చెబుతాను, నువ్వు రాసుకో.

ఆశీస్సులతో,
ఒకప్పటి వార్తా విభాగం సహోద్యోగి